టోటల్ ఎంత?

మా ఇంట్లో ఏ నంబరునూ నంబరులా బతకనివ్వడం లేదు. కరెంటు మీటరు రీడింగు, గ్యాసు బుక్కు, పెళ్ళి కార్డు మీది తేదీ, బస్సు వెనక పలక, ఏది కంటపడినా ముక్కలు చేసి కూడేస్తున్నారు. కూడేవాళ్ళు ఇద్దరు: మా బావ, ఆయన కొడుకు. బావది సంఖ్యాశాస్త్రం. మేనల్లుడిది సీ లాంగ్వేజ్. ఒకే ఇంట్లో ఒకే రోగం రెండు రకాలుగా బయటపడింది.

మేనల్లుడి సంగతి ముందు తేల్చేస్తాను. 'సమ్ ఆఫ్ డిజిట్స్' ప్రోగ్రాం వైల్ లూప్‌తో ఒకసారి, ఫర్ లూప్‌తో ఒకసారి, రికర్షన్‌తో ఒకసారి కాలేజీ ల్యాబు రికార్డులో చేత్తో రాయాలి. పక్క పేజీలో పెన్సిల్‌తో డబ్బా గీసి అవుట్‌పుట్ కూడా రాయాలి. వాడింకా కంప్యూటర్ ముట్టుకోనేలేదు, అవుట్‌పుట్ వచ్చేసింది. ఇచ్చిన నంబరు 1234, జవాబు 10. సీనియర్ రికార్డులోనూ 1234. ఆ సీనియర్‌కి రికార్డిచ్చిన సీనియర్‌దీ 1234. "వేరే నంబరు వేయొచ్చు కదరా" అంటే, "వేరేది వేస్తే సార్ సంతకం పెట్టడు మామా" అన్నాడు.

ఇక బావ. ఆయన కొత్త బండి కొన్నాడు. బండి వచ్చింది, దండ పడింది, నిమ్మకాయలు నలిగాయి. నంబరు దగ్గర ఆగింది. టోటల్ తొమ్మిది కావాలి, ఎనిమిది మాత్రం రాకూడదు. "ఎనిమిదంటే శని. శని మీద కూసొని వనపర్తికి పోతవా నువ్వు?" అని నన్నే నిలదీశాడు. నేను పోయేది బస్సులో అని చెప్పినా వినలేదు.

మా వనపర్తి జిల్లా బండ్లకు టీజీ 32. 2024 మార్చి దాకా టీఎస్ 32. అక్షరం మారిందంటే జాతకం మారినట్టే అనుకుని బావ ఆ నెలంతా అక్షరాలకు విలువలు కట్టే కీరో పద్ధతి పుస్తకం ముందేసుకున్నాడు. అందులో టీకి 4, ఎస్‌కి 3. మరి జీకి? అదీ 3. రాష్ట్రం మొత్తం కొత్త బండ్ల పలకలు మార్చినా గ్రహాలకు కబురే అందలేదు. ఇంకో ముచ్చట కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. ఏ ఇంగ్లిషు అక్షరానికీ 9 విలువ లేదు. అందరూ ఎగబడే తొమ్మిదిని కీరో ఎవరికీ ఇవ్వకుండా తనే దాచుకున్నట్టుంది. ఆ కరువు వల్లే కాబోలు, 2024లోనే ఖైరతాబాద్‌లో టీజీ 09 సిరీస్ 9999 నంబరు వేలంలో పాతిక లక్షలు దాటింది. నాలుగు తొమ్మిదులు 36, మూడూ ఆరూ తొమ్మిది. అదే టోటల్ 0009కీ ఉంది, 0018కీ ఉంది, 4230కీ ఉంది.

నేను లెక్క వేసి చూపించాను. పదిని తొమ్మిదితో భాగిస్తే శేషం 1. వందకూ 1, వెయ్యికీ 1. అందుకే అంకెలు కూడగా కూడగా మిగిలేది ఆ నంబరును తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషమే. శేషం సున్నా అయితే దాన్ని తొమ్మిది అంటున్నాం, అంతే. 1 నుంచి 9999 దాకా టోటల్ తొమ్మిది వచ్చే నంబర్లు సరిగ్గా 1111. ఎనిమిది వచ్చేవీ 1111. దేవుడికెన్ని ఇచ్చారో శనికీ అన్నే. ప్రతి సిరీస్‌లో 1111 శని బండ్లు రోడ్డు మీద తిరుగుతున్నాయి బావా అంటే, ఆయన తడుముకోకుండా, "గందుకే గదా గిన్ని యాక్సిడెంట్లు" అన్నాడు. మా ఊరి ఖిల్లాను గోన గణపరెడ్డి టోటల్ చూసుకుని కట్టాడా అని అడగబోయి ఊరుకున్నాను. చూసే కట్టాడంటాడు.

ఆ మర్నాడు బావ ఉత్సాహంగా వచ్చి, వనపర్తి పిన్‌కోడ్ 509103 కూడితే 18, అంటే తొమ్మిది అని ప్రకటించాడు. జిల్లా రావడానికి అదే కారణమట. మేనల్లుణ్ణి పిలిచి, ఇదే నంబరు నీ ప్రోగ్రాంకి ఇవ్వరా అన్నాను. వాళ్ళ ల్యాబులో ఇప్పటికీ నీలం తెర టర్బో సీ. 1987లో పుట్టిన సరుకు. అందులో నంబరు దాచే ఇంట్ అనే అరలో 32767 దాకానే పడుతుంది. జిల్లాలో అంత అదృష్టమున్న నంబరు అందులో పట్టదు. 1234 మాత్రం శుభ్రంగా పడుతుంది. తరతరాలుగా అదే ఎందుకు నడుస్తోందో నాకప్పుడు తెలిసొచ్చింది.

నా అసలు కడుపుమంట వేరే ఉంది. సీని తయారుచేసిన డెనిస్ రిచీ కెర్నిహాన్‌తో కలిసి 1978లో రాసిన సీ పుస్తకంలో రికర్షన్ చెప్పడానికి తీసుకున్నది కూడా నంబరును అంకెలుగా విడగొట్టడమే. కానీ అక్కడ అంకెల్ని వరసగా అచ్చువేయాలి. లూప్ పెడితే చివరి అంకె ముందొచ్చి నంబరు తలకిందులవుతుంది కాబట్టి రికర్షన్‌కి ఒక పని ఉంది. కూడికలో వరస ఎటైతేనేం? ఇక్కడ లూప్ చాలు. రికర్షన్ ఎందుకు రాస్తున్నావురా అంటే, "రికార్డుల ఉంది మామా" అంటాడు. రికర్షన్ అంటే ఏమిటిరా అంటే, "ఫంక్షన్ తననే తాను పిలుచుకొనుట" అని కళ్ళు మూసుకుని ఒప్పజెప్పాడు.

ఆ మాటకు మంచం మీదున్న వాళ్ళ తాత, "తనను తాను పిలుసుకునుడేందిరా?" అన్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు గుంపుతో డ్యాం పనులకు పోయిన మనిషి. పాలమూరు లేబర్. ఆయనకు తెలిసిన భాషలో చెప్పాను. కంట్రాక్టరు పనిలో ఒక ముక్క తన దగ్గర ఉంచుకుని మిగతాది పెద్ద మేస్త్రికి ఇస్తాడు. ఆయన తన ముక్క ఉంచుకుని గుంపు మేస్త్రికి ఇస్తాడు. అట్లా కిందికి పోయిపోయి పంచడానికేమీ మిగలని చోట ఆగుతుంది. అక్కణ్ణుంచి లెక్క మళ్ళీ పైకి వస్తుంది, దారిలో ఒక్కొక్కరూ తమ అంకె కలుపుకుంటారు.

"అడుగున ఉన్నోనికి ఎంతొస్తది?" అన్నాడు.

ప్రోగ్రాంలో అక్కడ రాసేది సున్నా. అది లేకపోతే ప్రోగ్రాం ఆగదు. నేను ఆ ముక్క చెప్పలేదు. ముసలాయన అడ్వాన్సు పట్టి పోయిన ఏళ్ళకు లెక్క అడిగినవాడు లేడు. గుంపు మేస్త్రి చెప్పిందే టోటల్.

మేనల్లుడు పెన్ను పక్కన పెట్టి తాత వైపు చూశాడు. ఆ కాసేపూ వాడు ఏ నంబరూ కూడలేదు.

సీ చెప్పే లెక్చరర్లకు నాదొక మనవి. మూడుసార్లు రాయించండి, కాదనను. నంబరు మాత్రం 1234 వద్దు. ఎవరి ఫోన్ నంబరు వాళ్ళని వేయమనండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి. కొత్త కంపైలర్‌లో కూడా ఇంట్‌కి పట్టేది సాధారణంగా 2147483647 దాకానే. క్లాసులో ఒక్కడి నంబరూ పట్టదు. ఎందుకు పట్టలేదని వాళ్ళు అడుగుతారు. అడిగినవాళ్ళకు రికార్డు లేకపోయినా సంతకం పెట్టండి.