సీటు కింది నంబరు

తెల్లవారుజామున ధవళేశ్వరం ఆనకట్ట మీదికి పాల సైకిళ్లు వస్తాయి. ఆదివారాలు వాటిని ఫోటోలు తీయడం నాకు అలవాటు. నా కెమెరా 2007లో కొన్నది. జేబులో పడుతుంది. 7 మెగాపిక్సెళ్లు, రెండు పెన్సిల్ సెల్స్. మీట నొక్కాక క్షణం ఆగి గానీ బొమ్మ పడదు. అందుకని సైకిల్‌ని ఆపి తీయాల్సిందే.

తేదీని గుర్తుంచుకునే బటన్ సెల్ లోపల ఎప్పుడో చచ్చిపోయింది. పెన్సిల్ సెల్స్ మార్చినప్పుడల్లా తెర మీద తేదీ అడుగుతుంది. వెలుగు మారిపోతుందని నాకు తొందర. 'సరే' నొక్కేస్తాను. కెమెరా మళ్లీ 2007 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఫోటో కింద, మూలన, నారింజ రంగు అంకెలు పడతాయి.

పోయిన ధనుర్మాసంలో ఒక పాలాయన ఆగాడు. నల్ల సైకిల్, రాడ్ బ్రేకులు. క్యారియర్‌కి రెండు పక్కలా వెల్డింగ్ చేయించిన కొక్కేలు, వాటికి క్యాన్లు. హ్యాండిల్ పట్టుకుని నిలబడితే తీశాను. తర్వాత కెమెరాలో పువ్వు గుర్తు పెట్టి, సీటు కింద గొట్టం మీద కొట్టిన నంబరు తీశాను.

"అదెందుకు బాబూ?"

"సైకిల్‌కి అదే పుట్టుమచ్చ."

సంక్రాంతికి రెండూ ప్రింటు వేయించి ఇచ్చాను. దేవుడి పటం వెనక దాచుకున్నాడు.

వేసవిలో సైకిల్ పోయింది. నెల తిరక్కుండా పక్క ఊళ్లో కనబడింది. ఆకుపచ్చ రంగు వేసి ఉంది. కొక్కేలు కోసేశారు. వెనకటికి మున్సిపాలిటీ పన్ను కడితే సైకిల్‌కి బిళ్ల ఇచ్చేవారు. ఇప్పుడు అదీ లేదు. కొన్నప్పటి బిల్లు వానల్లో తడిసి పోయింది. మిగిలింది ఆ నంబరే. పాలాయన ఫోటోలు తీసుకుని మా ఇంటికొచ్చాడు. ఇద్దరం స్టేషన్‌కి వెళ్లాం.

ఎస్సై ఫోటోలు బల్ల మీద పరిచాడు. కానిస్టేబుల్ సీటు కింద రంగు గీకి నంబరు చదివాడు. అంకెకు అంకె కలిసింది. పాలాయన చేతులు జోడించాడు.

సైకిల్ ఎవరి దగ్గర దొరికిందో అతను జేబులోంచి మడత కాగితం తీశాడు. పాత సైకిళ్ల కొట్టు చీటీ. రెండేళ్ల కిందటి తేదీ.

ఎస్సై ఫోటో మూల మీద వేలు పెట్టాడు. "ఇది 2007లో నీదే. ఎవరు కాదన్నారు? తర్వాత నువ్వు అమ్మావు, చేతులు మారింది, ఇతను కొన్నాడు."

"మొన్నటిదాకా నేను తొక్కిన బండి సార్. ఊరంతా చూసింది."

"ఊరు నంబరు చూసిందా?"

నేను కల్పించుకున్నాను. "ఆ తేదీ తప్పండీ. పోయిన ధనుర్మాసంలో తీశాను."

"సరే మాస్టారూ. అసలు తేదీ ఎక్కడుంది?"

పాలాయన నా వైపు చూశాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన రెండు ఫోటోలూ తుడిచి, జేబులో పెట్టుకుని, నడిచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కెమెరాలో సెల్స్ మార్చాను. తెర మీద తేదీ అడిగింది. రోజు, నెల, ఏడు పెట్టాను.

అర నిమిషం పట్టింది.