నమ్మి వెళ్తే తాళం

చెన్నై కార్పొరేషన్ 1688లో పుట్టింది. దేశంలో అంతకన్నా పాత నగరపాలక సంస్థ లేదు. అంత తలపండిన పెద్దమనిషి 2014 ప్రాంతంలో ముచ్చటపడి వీధుల్లో ఈ-టాయిలెట్లు పెట్టించాడు.

ఆ వైభోగం ఇప్పుడు తలుచుకోవాల్సిందే! నిగనిగలాడే స్టీలు గది. నాణెం వేస్తే తలుపు తెరుచుకునేది, అడుగుపెడితే లైటు వెలిగేది. నీళ్లు వాటంతటవే పారేవి. నేల కూడా తనను తానే కడిగేసుకునేది. మనిషికంటూ మిగిలిన పని ఒక్కటే.

తర్వాత ఒకచోట నీళ్లు ఆగాయి, ఇంకోచోట తలుపు మొరాయించింది. మరుగుదొడ్డి పేరుకు తగ్గట్టే మరుగున పడింది. పక్కనున్న గోడకు మాత్రం కరెంటు అక్కర్లేదు, చిల్లర అక్కర్లేదు, మరమ్మతు అసలే అక్కర్లేదు. (ఈ సౌకర్యం మగవాళ్లకే. ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానుకుని మెరీనా బీచ్‌కు రావాలి.)

రోమ్ చక్రవర్తి వెస్పాసియన్ మూత్రం మీద పన్ను వేశాడు. ఫ్రెంచివాళ్లు వీధి మూత్రశాలలకు అతని పేరే తగిలించారు. తమిళనాట వీధికీ, బస్టాండుకూ, స్టేడియానికీ నాయకుల పేర్లున్నాయి. ఈ ఒక్క కట్టడం దగ్గరే అభిమానులకు ఎక్కడలేని వినయం ముంచుకొస్తుంది. అందుకే కాబోలు, సర్కారు ‘నమ్మ టాయిలెట్’ అని సరిపెట్టింది.

తమిళంలో ‘నమ్మ’ అంటే మన. తెలుగు యాత్రికుడికి ఆ సంగతి తెలియదు. బోర్డు చదివి, నమ్మి, పరుగున వెళ్తాడు. తాళం చూసి, అంతకన్నా వేగంగా గోడ వెతుక్కుంటాడు.