నిద్రపోతే తిరిగొచ్చే మంత్రాలు

మా మనవడికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని. పావగడకు వచ్చినా శనివారం కంప్యూటర్ ముందు నుంచి లేవడు. ఊరంతా శనిమహాత్ముని గుడి దగ్గర బారులు తీరి ఉంటే, వీడు ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ ఏదో భూతంతో బేరం ఆడుతుంటాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అంట.

"ఎవరి శక్తి యాడినుంచి వస్తుందో దాన్ని బట్టి వాళ్ల తరగతి తాతా" అని పాఠం చెప్పినాడు. విజార్డు పుస్తకం చదివి నేర్చుకుంటాడు. క్లెరిక్‌కు దేవుడిస్తాడు. సోర్సరర్‌కు నెత్తుటిలోనే ఉంటుంది. వార్లాక్ ఒప్పందం చేసుకుని తెచ్చుకుంటాడు. సరే, ఇందులో కొత్తేముంది? విశ్వామిత్రుడిది తపస్సనీ, అర్జునుడి పాశుపతం శివుడి వరమనీ, ఘటోత్కచుడి మాయ పుట్టుకతో వచ్చిందనీ బడి ముఖం చూడని మా అవ్వకు కూడా తెలుసు.

కానీ మా రోజుల్లో, శక్తి ఏ దారిన వచ్చిందో పోవడం కూడా ఆ దారినే పోయేది. కర్ణుడు పరశురాముడికి అబద్ధం చెప్పి బ్రహ్మాస్త్రం నేర్చుకున్నాడు, కావలసిన వేళకు అది గుర్తు రాలేదు. విశ్వామిత్రుడు కోపంతో రంభను రాయి కమ్మని శపించాడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన తపస్సు ఆ ఒక్క మాటతో ఖర్చయిపోయింది. అశ్వత్థామకు అస్త్రం వదలడం వచ్చు గానీ వెనక్కి తీసుకోవడం రాదు. టెంటులో పాతాళభైరవి సినిమా చూసినప్పుడూ అంతే, బొమ్మ చేతులు మారితే తోటరాముడికి మేడా లేదు, రాకుమారీ లేదు.

మరి మావాడి ఆటలో వాళ్లకు? ఎనిమిది గంటలు పడుకుని లేస్తే అన్ని మంత్రాలూ తిరిగొస్తాయంట. వార్లాక్‌కు అదీ అక్కర్లేదు, గంటసేపు కూర్చుంటే చాలు. దేవుడిచ్చినదైనా, దయ్యమిచ్చినదైనా, చదివి నేర్చినదైనా, అందరికీ ఒకటే మందు, విశ్రాంతి!

శక్తికి హద్దు ఉండడమంటే ఏమో తెలియాలంటే మా పావగడ దగ్గర తిరుమణి వైపు పోయి చూడండి. దాదాపు 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు. ఒకప్పుడు శనక్కాయలు పండించిన చేలల్లో ఇప్పుడన్నీ పలకలు. శక్తి సూర్యుడిది గనక పొద్దు గూకితే వాటికి పని లేదు. ఘటోత్కచుడు దీనికి తలకిందులు. రాత్రి యుద్ధంలో రాక్షస మాయకు పట్టపగ్గాల్లేవు. ఆ రాత్రే కర్ణుడు వేరే దారి లేక ఇంద్రుడిచ్చిన శక్త్యాయుధాన్ని వాడేశాడు. అది ఒక్కసారికే. పడుకుని లేచినా రాదు. అది అట్లా ఖర్చయిపోబట్టే అర్జునుడు బతికాడు. మూలానికి హద్దు ఉంటేనే కథ ఆ హద్దు చుట్టూ తిరుగుతుంది నాయనా!

ఆ ఆటకు కూడా ఒక "మా రోజుల్లో" ఉందిలే. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అచ్చేసినప్పుడు మంత్రం వేసేవాళ్లు రెండే రకాలు, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. మంత్రం ముందే కంఠస్థం చేయాలి. వేసిన వెంటనే మనసులోంచి చెరిగిపోతుంది. జాక్ వాన్స్ కథల్లోంచి తెచ్చుకున్న పద్ధతి అది. కొన్నాళ్లకు వచ్చిన నిబంధనల్లో ఒక్కో మంత్రానికి దాని స్థాయిని బట్టి పావుగంట, అరగంట, ముప్పావుగంట వల్లె వేయాలి. దేవుడికి కోపం తెప్పిస్తే క్లెరిక్‌కు పై మంత్రాలు దక్కవు. మంచి పద్ధతి! 2000లో సోర్సరర్ దిగాడు. చదువు లేదు, వల్లె లేదు. బతుకంతా ఎక్కాలు వల్లె వేయించిన అయ్యవారిని, నాకు కడుపు మండదా? పైగా సోర్సరర్‌కు, వార్లాక్‌కు, పాటలు పాడే బార్డుకు మంత్రబలం కరిజ్మాలో ఉంటుందంట. ముఖం కళగా ఉంటే చాలన్నమాట. ఈ కాలం ఉద్యోగాలూ అట్లే ఉన్నాయి.

"నీ ఆటలో విశ్వామిత్రుణ్ణి పెట్టు" అన్నాను. "కోపం వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. ఓడితే మళ్లీ మొదటి స్థాయి."

"అట్లాంటివాణ్ణి ఎవరు తీసుకుంటారు తాతా? అయినా దుర్వాసుడు నోరు తెరిస్తే శాపమే కదా, ఆయన తపస్సు ఎందుకు అయిపోలా?"

"ఆయన శివాంశరా. పుట్టుకతోనే వచ్చింది."

"అట్లయితే సోర్సరర్" అని రాసుకున్నాడు.