తూట్లున్న పడవ

తెరచాప పడవ అడుగున తూట్లుంటాయి. కావాలని కొట్టినవే: ఇంజను చల్లబడడానికి ఒకటి, సింకుకు ఒకటి, మరుగుదొడ్డికి రాకకొకటి, పోకకొకటి. ప్రతి తూటులో త్రూ-హల్ అనే గొట్టం, దాని మీద సీకాక్ అనే వాల్వ్. నీటి మట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళాల తూటు తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లకు పైగా సముద్రం లోపలికొస్తుంది. దాన్ని ఆపవలసిన హ్యాండిల్ సరిగ్గా ఆ రోజే తిరగదు. "మొన్నటిదాకా బాగానే తిరిగిందే" అంటాడు యజమాని. మొన్న అంటే పాత యజమాని హయాం.

సగం నేరం ఇత్తడిది. రాగీ తుత్తునాగమూ కలిస్తే ఇత్తడి. తెలుగింట్లో అది ఎంత బుద్ధిమంతురాలో చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ పెళ్లిలో పేరు చెక్కించిన బిందెను మూడు తరాలు చింతపండేసి తోమితే తోమేవాళ్ల చేతులు అరిగాయి, అక్షరాలు అరిగాయి, బిందె అరగలేదు. చివరికి అటకెక్కి, అక్కణ్నుంచి దిగి, హాల్లో పూలకుండీగా కొత్త ఉద్యోగంలో చేరింది. అదే ఇత్తడిని ఉప్పునీటిలో పెడితే తుత్తునాగం చల్లగా జారుకుంటుంది. గులాబీ రంగు రాగి గుల్ల మిగులుతుంది. చూపుకు వాల్వే, సుత్తితో తడితే అప్పడం. 1994 నాటి ఐఎస్‌ఓ 9093-1 ప్రమాణం లెక్కలో అయిదేళ్లు చెడకుండా నిలిస్తే చాలు, అది తుప్పుకు తట్టుకునే లోహం అనిపించుకునేది. బిందె వింటే నవ్వుతుంది. అందుకే కంచు వాడాలి. దుకాణంలో రెండూ పచ్చగానే మెరుస్తాయి, తేడా ధర చీటీ చూశాకే తెలుస్తుంది.

పాతది తీయాలంటే పడవ ఒడ్డెక్కాలి. వాల్వ్ ఉండే మూల చెయ్యి దూరితే కన్ను దూరదు. త్రూ-హల్ లోపలి చెవులకు రెంచి తగిలించి తిప్పుతారు. చెవులు విరిగాక బయటి గొడుగును గ్రైండరుతో కోస్తారు. అమెరికాలో ఇంకో చిక్కు: త్రూ-హల్ మరలు తిన్ననివి, మామూలు బాల్ వాల్వ్ మరలు కోసుగా సన్నగిల్లేవి. రెండు మూడు చుట్లకే బిగుసుకుని, పట్టు దొరికిందని నమ్మిస్తాయి. అక్కడి పడవల ప్రమాణాలు రాసే సంస్థ ఏబీవైసీ లెక్క ప్రకారం సీకాక్ 30 సెకన్లపాటు 500 పౌండ్ల బరువు మోయాలి. కాబట్టి వెడల్పు పాదమున్న సీకాక్‌నే, కింద ఫైబర్‌గ్లాస్ దిమ్మె వేసి బిగిస్తారు. సీలెంటు కీలు మీద కొంచెం, చొక్కా మీద మిగతాది పడుతుంది.

యార్డు అద్దె పడవ పొడవును బట్టి అడుగుల లెక్కన పెరుగుతుంటుంది. పక్క పడవ స్టాండ్ల కింద మోకాలెత్తు గడ్డి. ఆ పడవ మనిషి కూడా రెండు వాల్వులు మార్చుకుని పోదామనే వచ్చి ఉంటాడు. గాలి బాగున్న ఆదివారాలు ఎన్ని పోయాయో ఆ గడ్డిని చూస్తే తెలుస్తుంది.

దించేటప్పుడు పడవను పట్టీల్లోనే నీటిలో ఆపి, ప్రతి కీలునూ పొడి కాగితంతో తుడిచి చూస్తారు. తడి తగలకపోతే పట్టీలు వదులుతారు. ఆ తర్వాత ఖరీదైన ప్రతి సీకాక్ పక్కనా మెత్తని చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి పెడతారు.