కొల్లేటికి షోకాజ్ నోటీసు

అభయారణ్యం హద్దుగా ఉన్న ఐదో కాంటూరును మూడుకి తగ్గించేస్తే కొల్లేటి గొడవ ఒక్క పూటలో తేలిపోతుందని ఈ వారం మళ్లీ చెవిన పడింది. 2008లో శాసనసభ తీర్మానించిందీ అదే. ఆ లెక్కన అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్ల నుంచి 135కి తగ్గాలి. అయితే తీర్మానం నకలు ఇంతవరకు సరస్సుకి ఎవరూ అందజేయలేదు. కబురైనా పెట్టకుండా ఖాళీ చెయ్యమంటే ఎవరు మాత్రం చేస్తారు? ముందు పద్ధతిగా నోటీసివ్వాలి.

ప్రతివాది: కొల్లేరు. కన్నవారు: బుడమేరు, తమ్మిలేరు వగైరా. నివాసం: కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం. అభియోగం: ఏటా వానాకాలంలో చేపల చెరువుల గట్లెక్కి అక్రమ ప్రవేశం. నోటీసు పుచ్చుకోకపోతే పంచనామా రాసి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి గోడకి అంటించి రావాలి. సాక్ష్యానికి ఆటపాక గూడబాతులొస్తాయి గానీ, అవి ప్రతివాది ఇంట్లో తిని పెరిగినవి, చెల్లదు. అభయారణ్యంగా ప్రకటించిన 1999 నాటి జీవో 120, 2002 నాటి రామ్‌సార్ గుర్తింపు చూపిస్తే పాత కాగితాలని పక్కన పెట్టొచ్చు. కాంటూరు తగ్గించొద్దన్న అజీజ్ కమిటీ నివేదికనైతే ఇప్పటికే పెట్టేశారు. నీరు పల్లమెరుగు అని సరస్సు వాదిస్తే, అది సామెతే తప్ప చట్టం కాదనాలి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరొక్కటే, అదీ పూడిపోయిందంటారా? వేరే వసతి చూసుకోమనండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో దిగలేదూ!

ఇక వాది. కాగితం మీద 'లంక గ్రామాల పేదలు' అని ఉంటుంది. సొసైటీ పేరు మత్స్యకారుడిది, పెట్టుబడి ఊరవతలి పెద్దమనిషిది. పేరున్నవాడు అదే గట్టు మీద కూలికి మేత బస్తాలు మోస్తుంటాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం డబ్బా నీళ్లు కొనుక్కుంటాడు. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు పేల్చినప్పుడు వీధిన పడ్డదీ వాడే. లీజు మింగినవాళ్లు మళ్లీ గట్లు పోసుకున్నారు. అభయారణ్యంలో సొంత భూమి చిక్కుకున్న జిరాయితీ రైతుకి న్యాయమైన పరిహారం ముట్టజెప్పడానికి కాంటూరు కదిలించనక్కర్లేదు. అయినా ఇవ్వరు. ఆ రైతు గోడు తీరిపోతే ఈ పెద్ద చెరువులు ఎవరి చాటున దాక్కుంటాయి? అభయారణ్యంలో ఒక్కో చెరువు ఎవరి డబ్బుతో నడుస్తోందో పంచాయతీ గోడ మీద పేర్లతో సహా రాయండి. కాంటూరు సంగతి అప్పుడు మాట్లాడదాం.