మంచూరియా ఏ దేశానిది?

2020 వేసవిలో దేశభక్తి బాగా సులువైపోయింది. ఫోన్లో 'రిమూవ్ చైనా యాప్స్' అనే యాప్ వేసుకుంటే చాలు. మిగతా వాటిలో చైనావేవో అదే పట్టిచ్చేది. జైపూర్ వాళ్ల సరుకు. చూస్తుండగానే 50 లక్షల మంది దింపుకున్నారు. వాళ్లలో ఎందరి చేతిలో షావోమీ, వివో, ఒప్పో ఫోన్లున్నాయో ఆ యాప్ అడగలేదు, ఆ మర్యాద దానికుంది. ఇంతలో నిబంధనలు ఒప్పుకోవంటూ గూగుల్ దాన్ని తన స్టోర్లోంచి తీసేసింది. చైనాను గెంటాలన్నా అమెరికా వాడు తలూపాలన్నమాట.

జూన్ 15న గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో మన 20 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు వారిలో ఒకరు. ఆ త్యాగం మీద ఎవరికీ పరిహాసం లేదు. ఆ తర్వాత ఊళ్లో మనం చూపించిన శౌర్యం సంగతే వేరు. ఆసన్‌సోల్‌లో కొందరు చైనా నాయకుడనుకుని ఉత్తర కొరియా కిమ్ దిష్టిబొమ్మ తగలబెట్టారు. కేంద్రమంత్రి రాందాస్ అఠావలే గారు చైనా వంటకాలమ్మే హోటళ్లు మూసేయాలన్నారు.

పాపం మంచూరియా! కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1970ల్లో ముంబయిలో కనిపెట్టాడని చెప్పుకొనే వంటకమది. మన బండి మీదికొచ్చాక అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పైన కరివేపాకు. చికెన్ తిననివాళ్ల కోసం గోబీ అవతారం కూడా ఎత్తింది. బీజింగ్ వాడి ముందు పెడితే ఇదేం కూరని అడుగుతాడు. దానికి ఆధార్ కార్డొక్కటే తక్కువ. అయినా అనుమానం దాని మీదే. షావోమీ మాత్రం దుకాణం బోర్డుల మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని గుడ్డ కప్పి అమ్మకాలు సాగించింది. బండివాడికి ఆ తెలివేదీ?

జూన్ 29న టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లు నిషేధంతో పోయాయి. అయినా చైనా నుంచి మన దిగుమతులు 2019-20లో సుమారు 6,500 కోట్ల డాలర్లు, 2024-25కి 11,300 కోట్ల డాలర్లు దాటాయి. ఈ లెక్కను ఎవరూ స్టేటస్‌లో పెట్టుకోరు.

అందరికన్నా లౌక్యం పబ్‌జీ ఆటది. సెప్టెంబరులో నిషేధం పడింది. ఏడాది తిరక్కుండా కొరియా యజమాని దాని పేరు మార్చి, చివర 'ఇండియా' తగిలించి, ఎర్ర నెత్తుటిని ఆకుపచ్చ చేసి, మళ్లీ మన పిల్లల చేతికిచ్చాడు. కాల్పులు యథాతథం.