‘ఇంకాస్త పైకి’ గారు

ఎండలో ఆగిపోయిన కారును నెట్టమంటే నలుగురు దొరకరు. అదే కారు ఇంజన్ పైకి లేపుతున్నారంటే మాత్రం ఎక్కణ్ణుంచో ఒక పెద్దమనిషి ఊడిపడతాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ సందులోకి వెళ్లినా ఈయన తగులుతాడు. కారు ఆయనది కాదు, షెడ్డు ఆయనది కాదు, చేతికి మసి అంటిన దాఖలా లేదు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్లజోడు, వెనక్కి కట్టుకున్న చేతులు. నోరు తెరిస్తే మొదటిమాట “ఇంకాస్త పైకి!” షెడ్డు కుర్రాళ్లు ఆయనకు ఆ పేరే ఖాయం చేశారు.

అసలు చాకిరీ జరిగేటప్పుడు ఈయన అజాపజా ఉండదు. మొన్నొక పాత అంబాసిడర్ వచ్చింది. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆ కారు తయారీ మానేసింది గానీ, దాని మీద మమకారం ఉన్నవాళ్లు మానలేదు. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందుగా ఊడదీసి, రేడియేటర్ నీళ్లు, ఇంజన్ ఆయిలు, గేరాయిలు వంపి, బానెట్టూ రేడియేటరూ తప్పించి, కిందికి దూరి సైలెన్సర్ పైపూ ప్రొపెల్లర్ షాఫ్టూ విప్పేసరికి మేస్త్రికి మధ్యాహ్నమైంది. చక్రాల క్రేన్ తోసుకొచ్చి గొలుసు గలగలలాడించారో లేదో, గుడిగంట విన్న భక్తుడిలా ఈయన ప్రత్యక్షం.

“గొలుసెందుకయ్యా? మా తోడల్లుడు లారీ ఇంజనే నైలాను తాడుతో లేపాడు.”

ఆ తోడల్లుణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మేస్త్రి మారుమాట్లాడకుండా గొలుసు కొసలు రెండూ బోల్టులతో ఇంజన్‌కు బిగించాడు. బోల్టు మర పూర్తిగా లోపలికి దిగాలి. రెండు చుట్లు తిప్పి వదిలేస్తే బరువు పడగానే ఊడొస్తుంది. గొలుసు మరీ పొట్టిగా ఉన్నా ముప్పే. హుక్కు దగ్గర రెండు పాయల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరిందంటే, చెరిసగం పంచుకోవాల్సిన చోట ఒక్కో పాయ మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది.

“బరువు బరువే! దానికి మళ్లీ లెక్కలేమిటి?” అన్నాడాయన.

క్రేన్ చేతి మీద 2 టన్నులని రాసి ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఆయన చదివింది ఆ ఒక్క ముక్కే. చేతిని బయటికి లాగేకొద్దీ ఆ అంకె తగ్గుతుందనీ, చివరి రంధ్రం దగ్గర అర టన్నేననీ పక్కనే రాసింది ఆయన కంట పడలేదు. “రెండు టన్నులది పెట్టుకుని రెండు క్వింటాళ్లకు భయమా?”

ఇంజన్ మౌంటింగుల మీంచి రెండంగుళాలు లేవగానే మేస్త్రి చెయ్యెత్తాడు. ఇంకా ఏ వైరు, ఏ గొట్టం తగులుకుని ఉందో చుట్టూ చూసుకోవాల్సింది అప్పుడే. ఆగడం ఈయన జాతకంలో లేదు.

“ఆగావేంరా? ఇంకాస్త పైకి!”

హ్యాండిల్ దగ్గరి కుర్రాడికి పెద్దల మాటంటే గౌరవం. ఇంకో రెండు కొట్టాడు. బాడీని ఇంకా వదలని ఎర్తు పట్టీ బిగుసుకుని కిర్రుమంది. “ఆపరా!” అని మేస్త్రి అరిచిన అరుపుకు పక్క షెడ్డులో సుత్తి మోత కూడా ఆగిపోయింది.

ఇంజన్ లేపేచోట ఒక్కడే మాట్లాడాలి. చిక్కల్లా, ఆ ఒక్కడూ తానేనని ఈయన నమ్మకం. మేస్త్రి తిట్టలేదు. గోడ వారగా కుర్చీ వేయించి, విప్పిన బోల్టుల ట్రే తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. “బాబాయ్ గారూ, ఇవి కలిసిపోతే కొంప మునుగుతుంది. మీ చేతుల్లో ఉంటేనే నాకు ధైర్యం.” చేతులు రెండూ పనిలో పడ్డాక చూపించడానికి వేలు మిగల్లేదు. వేలు ఆడకపోతే ఆయనకు నోరు పెగలదు.

గేర్‌బాక్సు కూడా ఇంజన్‌తోపాటే వస్తోంది గనక ముక్కు పైకి లేవాలి, తోక కిందికి వాలాలి. కుర్రాడు పక్కనుంచి తోకను సర్దాడే తప్ప దాని కిందికి చెయ్యి పోనివ్వలేదు. మొత్తం బయటపడ్డాక కారును వెనక్కి నెట్టించి, ఇంజన్‌ను నేలకు జానెడెత్తులోకి దించాకే మేస్త్రి క్రేన్‌ను కదిలించాడు. ఎత్తులో బరువు ఊగితే క్రేనే తిరగబడుతుంది.

కుర్చీలోంచి ఆక్రోశం వినిపించింది: “దించేదానికి అంత పైకి లేపడమెందుకయ్యా!”

ఇంజన్ చెక్క దిమ్మెల మీద కూర్చోగానే టీ వచ్చింది. మొదటి గ్లాసు ఆయనే అందుకున్నాడు. “దించడంలో ఏముంది, ఎక్కించడమే అసలు విద్య. క్లచ్ ప్లేటు పళ్లలో గేర్‌బాక్సు షాఫ్టు కూర్చోవద్దూ? ఎప్పుడు పెట్టుకున్నావ్?”

“ఆదివారం” అన్నాడు మేస్త్రి. ఆదివారం ఆ షెడ్డుకు సెలవు.

వచ్చాడట. షట్టరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వాచ్‌మన్‌ను కేకేసి, “రెండు తాళాలెందుకయ్యా? మా తోడల్లుడు గోడౌనుకే తాడు కట్టి వదిలేస్తాడు” అన్నాడట.